45వ స్థానం అని రాసేముందు: మన స్పోర్ట్స్ డెస్కుల వాళ్లకి ఒక కోల్డ్ స్టోరేజీ గుమస్తా బహిరంగ లేఖ

తెలుగు పేపర్లలో, టీవీల్లో, యూట్యూబ్ చానెళ్లలో ఆటల వార్తలు రాసే అన్నలకి, అక్కలకి నమస్కారం.

నేను గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమస్తాని. టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, లోపలికెళ్తుంటే రాసుకోడం, బయటికొస్తుంటే రాసుకోడం, ఏ చాంబర్లో ఏ రైతు సరుకుందో అడిగినప్పుడు చెప్పడం, అదీ నా పని. మే నెలలో బయట తారు చెప్పులకి అంటుకుంటుంటే నేను స్వెట్టరేసుకుని చాంబర్లోకెళ్లి పది నిమిషాలుండి బయటికొస్తా, కళ్లద్దాలు మొత్తం మసకబారిపోతయ్. చలి గురించి మాట్లాడ్డానికి నాకున్న అర్హత అదొక్కటే. మంచు మాత్రం జన్మలో కళ్లారా చూళ్లేదు, ముందే చెప్తున్నా.

ఈ లేఖకి కారణం ఒక పేపర్ కటింగ్. 2022 ఫిబ్రవరి నుంచి నా టేబుల్ అద్దం కిందే ఉంది. ఏ పేపరో చెప్పను, ఎందుకంటే ఆ రోజుల్లో నేను చూసినవన్నీ ఇంచుమించు అలాగే ఉన్నాయ్. నాలుగు లైన్ల వార్త, బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌కి మన దేశం నుంచి వెళ్లిన ఒకే ఒక్కడు ఆరిఫ్ ఖాన్ జెయింట్ స్లాలమ్‌లో (గేట్లు, అంటే పాతిన కర్రల మధ్య మలుపులు తిరుగుతూ రెండుసార్లు కొండ దిగే స్కీ పోటీ) 45వ స్థానంలో నిలిచి నిరాశపరిచాడు, దీంతో భారత్ కథ ముగిసింది, అని. అసలు ముగియలేదండీ, ఇంకో మూడు రోజులకి స్లాలమ్, అంటే గేట్లు ఇంకా దగ్గర దగ్గరగా ఉండే పోటీ ఉంది, ఆ మాత్రం షెడ్యూల్ కూడా ఎవరూ తెరిచి చూడలేదు. పక్కన ఫొటో చూస్తే స్నోబోర్డ్ మీద ఎవరో తెల్లవాడు. స్నోబోర్డ్ అంటే రెండు కాళ్లూ ఒకే పలక మీద పెట్టేది, స్కీ అంటే కాలికొకటి. క్రికెట్ వార్తకి బేస్‌బాల్ ఫొటో పెడితే మీ ఎడిటర్ గారు ఊరుకుంటారా?

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు ఆ కటింగ్ చూసి "ఇదేందన్నా, 45వ ర్యాంకుని అద్దం కింద పెట్టి చూసుకుంటున్నావ్" అని నవ్వాడు. వాణ్ణేం అనలేం. మన విజయవాడ గుంటూరు కాలేజీల్లో ఈఏపీసెట్‌లో 45వ ర్యాంకు వస్తే ఊరంతా ఫ్లెక్సీలు కడతారు, కాలేజీ వాళ్లు టీవీలో ఆ పిల్లాడి పేరు గుక్కతిప్పుకోకుండా అరుస్తారు. ఒలింపిక్స్‌లో 45 వస్తే నిరాశ అంట. అదే నాకర్థం కాలేదు, అందుకే రాస్తున్నా.

ముందు ఆ 45 ఏంటో చూద్దాం. 2022 ఫిబ్రవరి 13న బీజింగ్ దగ్గర యాంచింగ్ కొండ మీద ఆ రోజు పొద్దున్నుంచీ మంచు కురుస్తానే ఉంది, ఒక గేటు దగ్గరుంటే తర్వాతి గేటు కనపడట్లేదు, అంత మసక. ఎనభై మందికి పైగా దిగారు, దాదాపు సగం మంది రెండు పరుగులూ పూర్తి చెయ్యలేకపోయారు, గేటు తప్పినవాళ్లు, పడ్డవాళ్లు. ఆరిఫ్ రెండుసార్లూ కిందిదాకా వచ్చాడు. మొత్తం 2 నిమిషాల 47.24 సెకన్లు. గెలిచిన స్విట్జర్లాండ్ వాడు మార్కో ఒడెర్మాట్ కంటే 37.89 సెకన్లు వెనక. ఆ తేడా నేను దాచిపెట్టట్లేదు, ఆ ఆటలో సెకనులో నూరో వంతుకి మెడల్ పోద్ది కాబట్టి 37 సెకన్లంటే చాలా దూరం. పూర్తి చేసినవాళ్లలో చివరి నుంచి లెక్కేస్తే దగ్గర్లోనే ఉంటాడు, అదీ నిజమే. మూడు రోజుల తర్వాత స్లాలమ్‌లో మొదటి పరుగే పూర్తి చెయ్యలేదు. ఇవన్నీ రాయండి, ఎవరొద్దన్నారు. ఎంతమంది దిగారు, ఎంతమంది కిందికొచ్చారు, వాతావరణం ఎట్లుంది, ఈ మూడూ లేకుండా ఉత్త 45 రాస్తే అది సగం వార్తేనండీ, మా దగ్గర చాంబర్ నంబర్ లేకుండా టిక్కీల లెక్క రాసినట్టుంటది.

ఇంకోటి, ఎన్నో నంబర్లో దిగాడు అన్నది. ఇది మన వార్తల్లో ఎక్కడా కనపడదు గానీ ఆ ఆటకి ప్రాణం అదే. అందరూ ఒకేసారి పరిగెత్తే ఆట కాదిది, ఒకరి తర్వాత ఒకరు. మొదటి పరుగులో ర్యాంకుల్లో పైనున్నోళ్లు ముందు దిగుతారు, గట్టిగా గడ్డకట్టించిన అద్దం లాంటి మంచు మీద. ఆ ట్రాక్ గట్టిగా ఉండాలని దాంట్లోకి నీళ్లు కూడా ఎక్కిస్తారు తెలుసా, మన వాళ్లు రోడ్డేసి నీళ్లు కొట్టినట్టు. ముప్ఫై నలభై మంది వెళ్లేసరికి గేటు గేటు దగ్గరా గాళ్లు పడిపోతయ్. వానాకాలం మిర్చి లారీలు తిరిగిన మట్టిరోడ్డులో మోటార్ సైకిల్ తోలినోడికి నేను వేరే చెప్పక్కర్లేదు, చక్రం గాడిలో పడితే బండి మన మాట వినదు. మన వాడు దిగేది ఆ గాళ్లల్లో. గొప్పోడికి మంచి రోడ్డు, కొత్తోడికి గుంతల రోడ్డు, ఆ గుంతల్లో మంచి టైము చేస్తేనే రేపు ముందు నంబరొస్తుంది.

ఆ నంబరొచ్చేది ఫిస్ పాయింట్ల నుంచి, ఫిస్ అంటే స్కీయింగ్ అంతర్జాతీయ సమాఖ్య, 1924లో పుట్టింది. ఈ పాయింట్లు మన మార్కుల్లాగా పెరిగితే మంచిది కాదు, షుగర్ రీడింగ్ లాగా తగ్గితే మంచిది. గెలిచినోడి టైముకి ఎంత వెనకున్నావ్, ఆ పోటీలో దిగినవాళ్లు ఎంత గట్టివాళ్లు, ఆ లెక్కతో వస్తయ్. ఒలింపిక్స్‌కి పోవాలంటే ఆ రీడింగ్ తగ్గించుకోవాలి, తగ్గించుకోవాలంటే దేశాలు పట్టుకు తిరిగి పోటీలు దిగాలి, తిరగాలంటే డబ్బులు. అసలు స్కీ రేసర్ కెరీర్ అంటే మూడొంతులు ఈ తిరుగుడే అని నాకు ఇన్నేళ్లు చూశాక అర్థమైంది, కొండ మీద ఉండేది రోజుకి రెండు మూడు నిమిషాలు, మిగతాదంతా వ్యానులు, లగేజీ, స్కీల అంచులు అరగదీసుకోడం, మైనం రుద్దుకోడం. పెద్ద టీముల్లో ఆ పనికి విడిగా మనిషుంటాడు, ఆ మనిషి మంచిగా చెయ్యకపోతే ఛాంపియన్ కూడా ఓడిపోతాడు.

ఆరిఫ్‌ది గుల్మార్గ్ పక్కన తంగ్‌మార్గ్ వైపు పల్లె. వాళ్ల నాన్నకి గుల్మార్గ్‌లో స్కీ సామాన్ల కొట్టుంది, పిల్లాడు నాలుగేళ్లకే స్కీల మీద నిలబడ్డాడు. 2011లో ఉత్తరాఖండ్‌లో జరిగిన సౌత్ ఏషియన్ వింటర్ గేమ్స్‌లో రెండు గోల్డ్ మెడల్స్ కొట్టాడు. తర్వాత 2018 ఒలింపిక్స్ డబ్బుల్లేక చెయ్యి జారింది, జనాన్ని చందాలు కూడా అడిగాడు. మళ్లీ నాలుగేళ్లు. వింటర్ ఒలింపిక్స్‌ది అదే బాధ, ఈ సంవత్సరం పోతే మళ్లీ నాలుగేళ్లకి, అప్పటికి మోకాలుంటుందో లేదో. 2022 కోసం పెళ్లి కూడా వాయిదా వేసుకున్నాడు. మన ఇళ్లల్లో చెప్పి చూడండి, ఆటల పోటీ ఉంది ముహూర్తం జరపండీ అని, మేనమామలు ఇంటికొచ్చి కూర్చుంటారు.

ఇప్పుడు అసలు మాట వినండి. స్లాలమ్‌కి ఆయన అర్హత సంపాదించింది ఎక్కడో తెలుసా, ఆల్ప్స్‌లో కాదు, దుబాయ్‌లో! ఎడారిలో, షాపింగ్ మాల్ లోపల కట్టిన మంచు వాలు మీద, 2021 నవంబర్లో. జెయింట్ స్లాలమ్‌కి మాంటెనీగ్రోలో. దుబాయ్ ఎండ మన వాళ్లకి కొత్త కాదు, మా బజార్లోనే ముగ్గురు నలుగురున్నారు అక్కడ పనికెళ్లి వచ్చినవాళ్లు. ఇది నేను చదివినప్పుడు రాత్రి డ్యూటీలో ఉన్నా, చాంబర్ తలుపు దగ్గర నిలబడి అయిదు నిమిషాలు నవ్వుకున్నా. బయట ఎడారి ఎండ, లోపల గడ్డకట్టే చలి, అదేగా నా బతుకు కూడా. మనది ఎండ దేశం మనకెందుకు ఈ ఆట అనేవాళ్లకి ఈ ఒక్క లైను చాలు, ఈ లైను ఏ తెలుగు వార్తలోనూ నాకు కనపడలేదు. 2022 జనవరిలో కేంద్రం వాళ్లు టాప్స్ అనే ఒలింపిక్ ఆటగాళ్ల సాయం పథకం కింద 17.46 లక్షలు ఇచ్చారు, అంటే ఒలింపిక్స్ నెల రోజులుందనగా. యూరప్‌లో పిల్లలకి ఆ ఖర్చు చిన్నప్పుడే మొదలవుద్ది.

ఎండ దేశాల సంగతొచ్చింది కాబట్టి ఇంకో మనిషి. ఘనా వాడు క్వామే న్‌క్రుమా అచెంపాంగ్. ఇంగ్లండ్‌లో మిల్టన్ కీన్స్ అనే ఊళ్లో ఇండోర్ స్కీ సెంటర్లో రిసెప్షనిస్టుగా చేరాడు, అక్కడే స్కీయింగ్ నేర్చుకున్నాడు, 2010లో వాంకూవర్ ఒలింపిక్స్ స్లాలమ్‌లో దిగి 47వ స్థానంలో పూర్తి చేశాడు. రిసెప్షన్ కౌంటర్లో కూర్చునే మనిషి! నేనూ గుమస్తానే కాబట్టి నాకు ఆ కథ ఇంకొంచెం గట్టిగా తగిలింది లెండి. ఇక బ్రెజిల్ జెండా మీద లూకాస్ పిన్యేరో బ్రాటెన్ 2025 నవంబర్లో ఫిన్లాండ్‌లోని లెవీలో వరల్డ్ కప్ స్లాలమ్ గెలిచాడు (ఈ ఆటలో వరల్డ్ కప్ అంటే ప్రతి సీజన్లో ఊరూరా జరిగే వరుస పోటీలు), బ్రెజిల్‌కి అదే మొదటిది. అయితే ఇక్కడ నిజాయితీగా ఒక మాట, వాళ్లమ్మది బ్రెజిల్ గానీ ఆయన స్కీయింగ్ పెరిగింది నార్వేలో, ముందు నార్వేకే ఆడాడు, 2023లో నార్వే స్కీ సంఘంతో పడక ఆట మానేసి తర్వాత బ్రెజిల్ తరఫున తిరిగొచ్చాడు. అందుకని ఆయన్నీ ఆరిఫ్‌నీ ఒక గాటన కట్టి బ్రెజిల్ గెలిచింది మనమెందుకు గెలవం అని మళ్లీ తిట్టడం మొదలెట్టకండి దయచేసి.

మోకాళ్ల సంగతి చెప్పాలి, అది నా సొంత గోల. నేను ఇంటర్లో కబడ్డీ ఆడేవాణ్ణి, రైడర్ని. జిల్లా సెలక్షన్స్ ముందు పట్టులో మోకాలు తిరిగింది, టప్ మని శబ్దం నాకే వినిపించింది. లిగమెంట్. డాక్టర్ ఆపరేషన్ అన్నాడు, ఇంట్లో డబ్బుల్లేవు, కట్టు కట్టుకుని నాలుగు నెలలు కూర్చున్నా, తర్వాత మళ్లీ ఆడలేదు, అంతే. స్కీ రేసర్లకి ఇదే లిగమెంట్ ఒకసారి కాదు రెండు మూడు సార్లు పోద్ది. కాలికి కట్టిన స్కీ ఒక పక్కకి తిరుగుద్ది, శరీరం ఇంకో పక్కకి పోద్ది, మధ్యలో నలిగేది మోకాలే. అమెరికా ఆమె లిండ్సే వాన్ ఇలాగే ఎన్ని ఆపరేషన్లు చేయించుకుందో, 82 వరల్డ్ కప్ పోటీలు గెలిచి 2019లో మానేసింది, తర్వాత కుడి మోకాల్లో టైటానియం పెట్టించుకుని 2024 డిసెంబర్లో మళ్లీ వరల్డ్ కప్‌లో దిగింది. 2025 మార్చిలో 40 ఏళ్ల వయసులో సన్ వ్యాలీలో రెండో స్థానం. హెర్మాన్ మాయర్ అని ఆస్ట్రియా వాడు, కుర్రతనంలో తాపీ పని చేసేవాడు, 1998 నగానో ఒలింపిక్స్‌లో డౌన్‌హిల్, అంటే అన్నిటికన్నా వేగంగా కొండ దిగే పోటీలో గాల్లోకి లేచి కంచెలు చీల్చుకుంటూ పడ్డాడు, చచ్చాడనుకున్నారు చూసినవాళ్లు. మూడు రోజులకి సూపర్ జీలో (డౌన్‌హిల్ కంటే మలుపులెక్కువుండే పోటీ) గోల్డ్, తర్వాత జెయింట్ స్లాలమ్‌లో ఇంకో గోల్డ్. వీడియో ఉంది, చూడండి, మా హమాలీలకి చూపిస్తే పని ఆపేసి చూశారు.

అట్లని పడి లేచినవాళ్ల కథలే చెప్తే అదీ అబద్ధమే. లేవనివాళ్లున్నారు. 1994లో గార్మిష్‌లో ఊల్రికె మాయర్ పోటీలోనే చనిపోయింది, రెండుసార్లు వరల్డ్ ఛాంపియన్, చిన్న పాప ఉంది ఆమెకి. 2017లో ఫ్రాన్స్ వాడు డావిడ్ పొయిసన్ ప్రాక్టీసులో పోయాడు. డౌన్‌హిల్లో 130 దాటడం మామూలు, 2013లో స్విట్జర్లాండ్‌లోని వెంగెన్‌లో జొహాన్ క్లారే అనే ఫ్రాన్స్ వాడు 161.9 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. మన హైవే మీద మంగళగిరి దాటాక కారులో ఆ స్పీడు పోతే పక్కనున్నోడు దేవుడికి దండం పెట్టుకుంటాడు, వీళ్లకి చుట్టూ కారు కూడా లేదు, ఒంటి మీద ఒక పల్చటి సూటు, నెత్తిన హెల్మెట్. అందుకే "జారిపడ్డాడు" అనే మాట మీ హెడ్డింగుల్లో చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుద్ది. బాత్రూంలో జారిపడతారండీ. గేటు తప్పాడు అనండి, అదుపు తప్పాడు అనండి, పూర్తి చెయ్యలేదు అనండి.

గొప్పవాళ్లు కూడా గేటు తప్పుతారు. అమెరికా అమ్మాయి మికేలా షిఫ్రిన్, 2025 ఫిబ్రవరిలో సెస్ట్రియేర్‌లో 100వ వరల్డ్ కప్ పోటీ గెలిచిన మనిషి, మగాళ్లలో ఆడాళ్లలో అంతకుముందు ఎవరూ ఆ నంబరు దరిదాపుల్లోకి రాలేదు, పాత రికార్డు స్వీడన్ వాడు స్టెన్‌మార్క్‌ది 86. అలాంటి షిఫ్రిన్ కూడా అదే బీజింగ్‌లో మూడు పోటీలు పూర్తి చెయ్యలేదు, ఒక దాంట్లో అయితే స్లోప్ పక్కన మంచులో తల వంచుకుని కూర్చుండిపోయింది. వందో గెలుపుకి ముందు కూడా, 2024 నవంబర్లో కిల్లింగ్టన్‌లో పడి పొట్టలో గుచ్చుకుంది, ఆపరేషన్, మళ్లీ దిగడానికి భయం. 99 గెలిచిన మనిషికి భయం! ఆ భయం గురించి ఆమే బయటికి చెప్పింది. ఇలాంటివి రాస్తే గుంటూరులో చదవరా? నేను మా టీ బంకు దగ్గర చెప్తే వింటున్నారు మరి.

మన వాళ్ల చరిత్ర కూడా చిన్నదేం కాదు. 1964 ఇన్స్‌బ్రుక్‌లోనే ఇండియా తరఫున జెరెమీ బుజకోవ్‌స్కీ అనే ఆయన స్కీ పోటీలో దిగాడు. 1988 కాల్గరీలో శైలజా కుమార్, వింటర్ ఒలింపిక్స్‌కి వెళ్లిన మన మొదటి ఆడమనిషి, స్లాలమ్‌లో దిగింది. 2014 సోచిలో హిమాంశు ఠాకూర్ వాళ్లకి ప్రారంభోత్సవంలో మన జెండా కూడా లేదు, మన ఒలింపిక్ సంఘం సస్పెన్షన్లో ఉంది, ఒలింపిక్ జెండా వెనక నడిచారు పాపం, గేమ్స్ మధ్యలో సస్పెన్షన్ ఎత్తేశారు. 2018 జనవరిలో మనాలీ అమ్మాయి ఆంచల్ ఠాకూర్ టర్కీలో కంచు మెడల్ తెచ్చింది, స్కీయింగ్‌లో అంతర్జాతీయ పోటీలో మనకి అదే మొదటి మెడల్ అన్నారు, ఆరిఫ్ 2011 మెడల్స్ లెక్కలో పెట్టకుండా, ప్రధాని ట్వీట్ పెట్టారు కాబట్టి ఆ రోజు మాత్రం అన్ని పేపర్లలో వచ్చింది. ఆ తర్వాత ఆమె ఏమైంది, ఏ పోటీల్లో దిగింది, ఎవరైనా ఒక లైను రాశారా? నేనే వెతుక్కోవాల్సి వచ్చింది.

ఒక అన్న, మీలాంటాయనే, పేరొద్దు, ఒక చానెల్లో చేస్తాడు, మా యార్డుకి మిర్చి రేట్ల వార్తకొచ్చినప్పుడు అడిగా. "తమ్ముడూ, మనకి మంచు లేదు, మనోళ్లు లేరు, వ్యూస్ రావు" అన్నాడు. ఆయన బాధ ఆయనది, ఒప్పుకుంటా. కానీ ఆలోచించండి, కాంపౌండ్ విల్లు అంటే ఏంటో ఇరవై ఏళ్ల కింద విజయవాడలో ఎంతమందికి తెలుసు? జ్యోతి సురేఖ చిన్నప్పట్నుంచి ఆ పిల్ల గురించి మీరు రాస్తూ వచ్చారు, జిల్లా పేజీలో, చిన్న ఫొటోతో, ప్రతి మెడల్‌కీ. అందుకే హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మూడు గోల్డ్‌లు కొట్టినప్పుడు మా అమ్మకి కూడా పేరు తెలుసు. హంపి చదరంగమూ అంతే, ఆ ఎత్తులు మాకేం అర్థమవుతయ్ గానీ మీరు రాస్తుంటే మేం చదివాం. ఆట తెలిశాక రాయలేదు మీరు, మీరు రాస్తే మాకు తెలిసింది.

నేనడిగేది పెద్దదేం కాదు. స్కీయింగ్‌ని స్కేటింగ్ అని రాయకండి, ఇది మొదటిది. ఫలితం రాసేటప్పుడు దిగినవాళ్లెంతమంది, పూర్తి చేసినవాళ్లెంతమంది, మన వాడిది ఎన్నో నంబరు అని ఒక లైను ఎక్కువ పెట్టండి. ఒలింపిక్స్ లేని మూడేళ్లలో ఏడాదికి ఒక్కసారన్నా ఆ ఆటగాళ్లు ఎక్కడున్నారో రాయండి. గుల్మార్గ్‌లో మంచు సరిగ్గా పడక 2025 ఫిబ్రవరిలో ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ మార్చికి వాయిదా పడ్డయ్, అది స్పోర్ట్స్ వార్తా, వాతావరణం వార్తా, ఏ పేజీలో వేసినా సరే, మనకి మాత్రం ఎక్కడా కనపడలేదు.

మీకు టైము లేదంటారా, నేను చేసి పెడతా. సీజను అక్టోబర్ చివర్లో ఆస్ట్రియాలో సోల్డెన్‌లో మొదలవుద్ది, రెండో పరుగు మన టైముకి సాయంత్రం పడుద్ది, ఆ టైముకి మాకు అన్‌సీజన్, యార్డు నుంచి లోడ్లు తక్కువ, ఖాళీగానే ఉంటా. ఆటగాళ్ల పేర్లు తెలుగులో ఎలా పలకాలో, పాయింట్ల లెక్కేంటో, ఎవరు ఎన్నో నంబరులో దిగారో తెలుగులో టైపు చేసి పంపిస్తా, నా పేరు వెయ్యొద్దు, పైసా ఇవ్వొద్దు. నాకు లెక్కలు రాసే అలవాటుంది, తప్పులు పోవు.

హమాలీలు పిలుస్తున్నారు, మూడో చాంబర్ తలుపు తియ్యాలంట, తేజ రకం టిక్కీలు రెండొందలు బయటికెళ్లాలి. ఉంటానండీ.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక గుమస్తా